మారతహళ్ళి మేడ మీద స్కాట్లాండు: ఒక అద్దె హాలు, మూడు రాత్రులు

బెంగళూరులో క్రికెట్ చూడడానికి పెద్ద తెర లేని పేట ఉండదు కాని, స్కాట్లాండు ఫుట్‌బాల్ జట్టు ఆడే మ్యాచిని పదిమందితో కూర్చుని చూడాలనుకునే మనిషికి ఈ నగరంలో చోటు దొరకడం కష్టం. ఆ జట్టు తన ఊళ్ళో రాత్రి 7.45కు ఆట మొదలుపెడితే మనకు అక్టోబరులో 12.15, నవంబరులో 1.15 అవుతుంది, పబ్బులేమో ఒంటిగంటకు తలుపులు మూస్తాయి. అందువల్ల మారతహళ్ళి వంతెన నుంచి కొంచెం లోపలికి వెళ్తే వచ్చే ఒక ఆంధ్రా మెస్ మేడ మీద, ప్రొజెక్టర్ పెట్టి పూట లెక్కన అద్దెకిచ్చే హాలు ఒకటి ఉందని తెలిసినప్పుడు నేను ధర కూడా అడగకుండా ఒప్పుకున్నాను. 2025 అక్టోబరు నుంచి నవంబరు వరకు అక్కడ మూడు రాత్రులు గడిపాను కాబట్టి, 2026 జూన్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం ఇలాంటి చోటు వెతుక్కునే తెలుగువాళ్ళకు పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. హాలు పేరు మాత్రం రాయడం లేదు. ఉన్న ముప్పై కుర్చీలకే తోపులాటగా ఉంది, పేరు వేయవద్దని యజమాని గారే కోరారు.

నెల్లూరు జిల్లావాడిని స్కాట్లాండు జట్టుకు ఎలా అతుక్కుపోయానని అడిగేవారికి ముందుగా ఒక మాట చెప్పాలి. 2017లో చదువు కోసం గ్లాస్గో వెళ్ళిన కొత్తలో, అక్టోబరు 5న ఆ జట్టు సొంత మైదానం హాంప్‌డెన్ పార్కులో స్లొవాకియాతో జరిగిన ప్రపంచ కప్పు అర్హత మ్యాచికి తోటి విద్యార్థులు నన్ను లాక్కుపోయారు. 89వ నిమిషం దాకా గోలు లేదు. చివరికి స్లొవాకియా ఆటగాడు స్క్రెటల్ కాలికి తగిలి బంతి వాళ్ళ వలలోనే పడింది. పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని ముసలాయన నన్ను కౌగిలించుకుని ఏడ్చాడు. మూడు రోజుల తర్వాత స్లొవేనియాలో 2-2తో ఆగిపోయి, ప్లే-ఆఫ్ ఆడే అవకాశాన్ని కూడా పోగొట్టుకున్నారు. అప్పటి కోచ్ స్ట్రాకన్ తమ ఆటగాళ్ళు జన్యుపరంగానే పొట్టివాళ్ళని కారణం చెప్పారు. ఓటమికి ఇంత కొత్త సాకు మన క్రికెట్ బోర్డులో కూడా ఎవరూ చెప్పగా వినలేదు. ఆ నాలుగు రోజుల్లోనే నేను ఆ జట్టువాడినైపోయాను.

ఇక హాలు సంగతి. మనిషికి 350 రూపాయలు తీసుకుంటారు. అందులో ఒక ప్లేటు టిఫిను, ఎన్నిసార్లయినా టీ కలిసి ఉంటాయి. మ్యాచి చూపించే యాప్‌కు చందా మనం కట్టుకోవాలి, తెర, స్పీకర్లు, ఇంటర్నెట్ వాళ్ళవి. వంటగదిని ఒంటిగంటకు మూసేస్తారు కనుక పునుగులు, మిరపకాయ బజ్జీలు ముందే వేయించి హాట్‌బాక్సుల్లో పైకి పంపుతారు. రెండో సగం వచ్చేసరికి బజ్జీ మెత్తబడిపోతుంది గాని, పల్లీ చట్నీ మాత్రం చివరిదాకా చట్నీలాగే ఉంటుంది. టీ బాగుంటుంది. కుర్చీలు ప్లాస్టిక్‌వి, అరగంటకే నడుము గుర్తుకొస్తుంది. ఏసీ బాగా పనిచేస్తుంది, కరెంటు పోతే ప్రొజెక్టర్ ఆగకుండా యూపీఎస్ ఉంది. బొమ్మ పెద్దదే కాని, వెలుగు చాలదు. స్కాట్లాండు ముదురు నీలం చొక్కా ఆ తెర మీద నల్లగా కనిపిస్తుంది. అసలు లోపం స్పీకర్లలో ఉంది. పుట్టినరోజు పాటల కోసం కొన్న స్పీకర్లు కావడం వల్ల దడదడలకు తప్ప మాటలకు పనికిరావు. మైదానంలో జనం అరిస్తే వ్యాఖ్యాత గొంతు అందులో మునిగిపోతుంది.

మొదటి రాత్రి అక్టోబరు 9, మనకు తెల్లవారితే 10. హాంప్‌డెన్‌లో గ్రీసుతో ప్రపంచ కప్పు అర్హత మ్యాచి. అదే గ్రీసు మార్చిలో అదే మైదానంలో 3-0తో చితక్కొట్టి వెళ్ళింది కాబట్టి ఎవరికీ పెద్ద ఆశలు లేవు. నాతోపాటు మా ఆఫీసుకు రెండేళ్ళ ఒప్పందం మీద వచ్చిన స్కాట్లాండులోని పెయిస్లీ ఊరి పెద్దమనిషి ఒకరు వచ్చారు. వయసు 54, మాట తక్కువ. యజమాని గారు తెర సరిచేస్తూ, "సార్, ఇది ఇంగ్లండు జట్టు కాదా?" అని ఆయననే అడిగారు. ఆయన నొచ్చుకోలేదు. ప్రపంచంలో మొట్టమొదటి అంతర్జాతీయ ఫుట్‌బాల్ మ్యాచి 1872 నవంబరు 30న గ్లాస్గోలో ఒక క్రికెట్ మైదానంలో ఈ రెండు దేశాల మధ్యే జరిగిందనీ, ఎవరూ గోలు కొట్టలేదనీ, అప్పటి నుంచి రెండు సంఘాలూ వేరువేరుగానే ఉన్నాయనీ నేను తెలుగులో విడమర్చి చెప్పాను. "అంటే గోల్ లేకుండానే మొదలుపెట్టారన్నమాట" అని యజమాని గారు తేల్చేశారు. నూటయాభై ఏళ్ళ చరిత్రను ఇంత పొట్టిగా చెప్పిన విశ్లేషకుడిని నేను ఎరగను.

ఆ రాత్రి బయటపడ్డ లోపం మరొకటి ఉంది. హాలులో ఆట ఇంచుమించు ముప్పావు నిమిషం ఆలస్యంగా వస్తుంది. 62వ నిమిషంలో సిమికాస్ గోలుతో గ్రీసు ముందుకెళ్ళింది. దాన్ని మేము చూడకముందే పెయిస్లీ ఆయన ఫోను, ఊళ్ళో ఉన్న తమ్ముడి సందేశాలతో కంపించింది. ఆయన ముఖం చూసి మేము గోలు సంగతి తెలుసుకున్నాం. రెండు నిమిషాలకు క్రిస్టీ సమం చేసినప్పుడూ అంతే, 80లో ఫెర్గుసన్ కొట్టినప్పుడూ అంతే. ఇంజురీ టైమ్‌లో, అంటే 90 నిమిషాల తర్వాత కలిపే అదనపు సమయంలో, డైక్స్ మూడోది వేసేటప్పటికి హాలులో తెరను చూసేవారికంటే ఆయన ఫోనును చూసేవారే ఎక్కువయ్యారు. ఆటంతా గ్రీసు ఆడింది, 3-1తో స్కాట్లాండు గెలిచింది. నక్కను తొక్కి వచ్చారని మనవాళ్ళు అనేది సరిగ్గా ఇలాంటి గెలుపు గురించే.

ఫోనుల బెడదకు యజమాని గారు కనిపెట్టిన ఉపాయం మూడు అరల స్టీలు క్యారియర్. నవంబరు 15 రాత్రి, అంటే మనకు ఆదివారం తెల్లవారుజామున, హాలు గుమ్మంలోనే అందరి ఫోనులూ అందులో వేసి మూత బిగించారు. ఉపాయం మంచిదే, కాని ఆ రాత్రి ఎదురుతన్నింది. గ్రీసులో ఆట, 63వ నిమిషానికి స్కాట్లాండు 3-0తో వెనకపడింది. పదకొండు మందిలో ఆరుగురు లేచి ఫోనులు తీసుకుని వెళ్ళిపోయారు. తర్వాత గానన్-డోక్, క్రిస్టీ వెంటవెంటనే రెండు కొట్టినా మూడోది రాలేదు, 3-2తో ఓడిపోయాం. అంతా అయిపోయిందనుకుని క్యారియర్ మూత తీసినప్పుడు తెలిసింది, అదే సమయంలో కోపెన్‌హేగెన్‌లో బెలారుస్ డెన్మార్క్‌ను 2-2 దగ్గర ఆపేసిందని. డెన్మార్క్‌కు 11 పాయింట్లు, మాకు 10, ఇక మిగిలింది హాంప్‌డెన్‌లో ఆ రెండు జట్ల మధ్య ఒక్క మ్యాచి. గెలిస్తే నేరుగా ప్రపంచ కప్పు. వ్యాఖ్యాత ఈ మాట పదిసార్లయినా చెప్పి ఉంటాడు, ఆ స్పీకర్లలో అది ఎవరికీ వినపడలేదు. హాలుకు నేనిచ్చే మార్కుల్లో ఒకటి పూర్తిగా అక్కడే పోయింది.

మంగళవారం వరకు ఉన్న రెండు రోజుల్లో పెయిస్లీ ఆయనకూ నాకూ ఆఫీసు క్యాంటీనులో ఒక వాదన నడిచింది. ఈ జట్టును ఎరిగినవాళ్ళందరి మధ్యా ఎప్పుడో ఒకప్పుడు నడిచే వాదన అది. ఆయన దృష్టిలో స్కాట్లాండుది దురదృష్టం. 1974 ప్రపంచ కప్పులో ఒక్క మ్యాచి కూడా ఓడకుండా గోల్ తేడాతో (కొట్టిన గోళ్ళకూ ఇచ్చిన గోళ్ళకూ మధ్య తేడా) ఇంటికొచ్చారు. 1978లోనూ 1982లోనూ మళ్ళీ ఆ గోల్ తేడాయే. 1986లో ఉరుగ్వే ఆటగాడిని మొదటి నిమిషం నిండకముందే బయటికి పంపినా పదిమంది మీద గోలు కొట్టలేకపోయారు. 2008 యూరో కప్పు అర్హత పోటీల్లో ఫ్రాన్సును ఇంటా బయటా ఓడించి కూడా, 2007లో హాంప్‌డెన్‌లో ఇటలీకి ఇవ్వకూడని ఫ్రీ కిక్ ఇచ్చినందువల్ల చివరి క్షణాల్లో పనుచ్చి తలతో కొట్టిన గోలుకు ఆ కప్పు ఆడే అవకాశం పోగొట్టుకున్నారు. 2024 యూరోలో హంగరీ వాళ్ళు నూరో నిమిషంలో కొట్టి పంపేశారు. ఎనిమిది ప్రపంచ కప్పులు ఆడి ఒక్కసారి కూడా మొదటి దశ దాటని జట్టుకు శని పట్టిందనక ఏమనాలని ఆయన అడుగుతారు.

ఆయన చెప్పిన ప్రతి సంఘటనా నిజమే గాని, శని వాదన నాకు ఎక్కదు. లెక్క తీసి చూడండి. 1974లో బ్రెజిల్‌తో 0-0, యుగొస్లావియాతో 1-1 చేసిన జట్టు, జైరే (ఇప్పటి డీఆర్ కాంగో) మీద రెండు గోళ్ళకే తృప్తిపడింది. అదే జైరే మీద యుగొస్లావియా తొమ్మిది కొట్టింది, బ్రెజిల్ మూడు. స్కాట్లాండు ఆ రోజు ఇంకొక్క గోలు కొట్టి ఉంటే గోల్ తేడాలో బ్రెజిల్‌తో సమానమై, కొట్టిన గోళ్ళ లెక్కలో పైన ఉండేది. 1978లో అర్జెంటీనాకు వెళ్ళేముందు కోచ్ మెక్లౌడ్ దేశమంతటినీ ఊరించి, పెరూ చేతిలో 3-1తో ఓడారు. అయినా ఇరాన్‌ను గెలిచి ఉంటే సరిపోయేది. ఇరాన్‌తో 1-1, అందులోనూ మన గోలు వాళ్ళే తమ వలలో వేసుకున్నది. ఆ తర్వాత నెదర్లాండ్స్‌ను 3-2తో ఓడించి ఏం లాభం? ఆ మ్యాచిలో గెమ్మిల్ కొట్టిన గోలును ఇప్పటికీ చూసి మురిసిపోతారు. చేతికందిన కూడు నోటికందలేదన్న సామెతకు అంతకంటే అందమైన బొమ్మ దొరకదు. 1982లో న్యూజీలాండ్ మీద అయిదు కొట్టారు కాని, 3-0 ఆధిక్యంలో ఉండి రెండు ఇచ్చుకున్నారు. ఆ రెండూ ఇవ్వకపోతే చివరి లెక్కలో సోవియట్ జట్టును దాటేవారు. 1990లో కోస్టారికా చేతిలో 1-0 ఓటమి. గ్రహాలు నాలుగుసార్లూ చిన్న జట్టు మ్యాచి నాడే వక్రించాయంటే నమ్మడం కష్టం. పెద్దవాళ్ళ ముందు ప్రాణం పెట్టి ఆడడం, చిన్నవాళ్ళ ముందు పొదుపు చేయడం ఈ జట్టు అలవాటు, దానికి అదృష్టంతో సంబంధం లేదు. బెంగళూరు కంటే తక్కువ జనాభా ఉన్న దేశం ఇంతదూరం రావడమే గొప్ప అని ఆయన అంటారు. దాంతో నాకు పేచీ లేదు, కాని వచ్చిన తర్వాత గుమ్మంలోనే నిలబడిపోవడం గురించే నా ఫిర్యాదు.

నవంబరు 19 తెల్లవారుజామున హాలు నిండింది. ఆఫీసు ఉన్న బుధవారం అది. అయినా ముప్పై కుర్చీలూ పోగా మెట్ల మీద నలుగురు కూర్చున్నారు. మెస్‌లో వడ్డించే కుర్రాళ్ళు కూడా పని ముగించుకుని పైకొచ్చారు. వాళ్ళలో ఒకడు, ఆర్సీబీ కప్పు కోసం 18 ఏళ్ళు ఎదురుచూసినవాళ్ళం మనమే గొప్ప అనుకుంటుంటే వీళ్ళు ప్రపంచ కప్పు ఆడడానికే 1998 నుంచి ఎదురుచూస్తున్నారా అని ఆశ్చర్యపోయి, ఆ రాత్రంతా స్కాట్లాండు పక్షం వహించాడు. ఫోనులు క్యారియర్‌లోకి వెళ్ళాయి. పెయిస్లీ ఆయన మాత్రం ఇంట్లో తల్లికి ఒంట్లో బాగాలేదని చెప్పి తన ఫోను ఉంచుకున్నారు, తెరను చూడకుండా జేబులో పెట్టుకుంటానన్న షరతు మీద.

మూడో నిమిషంలో గానన్-డోక్ కుడివైపు నుంచి వేసిన బంతిని మెక్‌టామినే గాలిలో వెల్లకిలా లేచి, తలకంటే ఎత్తున కాలితో తన్ని గోలు చేశాడు. మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బు వదులుకుంటే నాపోలీ క్లబ్బుకు వెళ్ళి మొదటి ఏడాదే ఇటలీ లీగు గెలిపించి, ఆ లీగులో ఉత్తమ ఆటగాడిగా నిలిచిన మనిషి అతడు. అలాంటి గోలు అతడికి సరిపోతుంది. ఆ తర్వాత ఏం జరిగిందో నిష్పక్షపాతంగా చెప్పాలి. గంటసేపు డెన్మార్క్ ఆడింది, స్కాట్లాండు కాచుకుంది. కోచ్ క్లార్క్ జట్లు ఒక గోలు కొట్టాక ఇంటి తలుపులు వేసుకుంటాయి. 2019 నుంచి ఆయన పద్ధతి అదే, రెండు యూరోలకు తీసుకెళ్ళిందీ అదే, అక్కడ ఒక్కొక్క పాయింటుతో తిప్పి పంపిందీ అదే. 42 ఏళ్ళ గోల్‌కీపర్ గోర్డన్ ఎంతని ఆపుతాడు? 57లో రాబర్ట్‌సన్ చేసిన తప్పుకు పెనాల్టీ, హొయ్‌లుండ్ గోలు. నాలుగు నిమిషాలకు డెన్మార్క్ ఆటగాడు క్రిస్టెన్సెన్ రెండో పసుపు కార్డుతో బయటికి పోయాడు. పదిమంది మీద 78లో శాంక్‌లాండ్ కార్నర్ నుంచి కొడితే, మూడు నాలుగు నిమిషాలు కూడా నిలవకుండా డోర్గు 2-2 చేశాడు. టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు కింద పెట్టేశారు. ఈ కథ ముగింపు నాకు తెలుసనుకున్నాను.

ఇంజురీ టైమ్‌లో జేబులో ఫోను కంపించింది. పెయిస్లీ ఆయన దాన్ని తీయలేదు, మాట నిలబెట్టుకున్నారు. కాని ఆగకుండా కంపిస్తూనే ఉంది. అది శుభమో అశుభమో ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. తెర మీద ఇంకా బంతి మధ్యలోనే ఉంది. ఆ ముప్పావు నిమిషం హాలులో ఎవరూ ఊపిరి తీసుకున్నట్టు లేదు. అప్పుడు టియర్నీ పెనాల్టీ గీత బయటి నుంచి వంచి కొట్టిన బంతి వలలో పడింది. అయిదు నిమిషాల తర్వాత మళ్ళీ కంపించింది. ఈసారి సమం చేశారనే అందరం అనుకున్నాం, ఒక కుర్రాడు గోడ వైపు తిరిగిపోయాడు. తీరా చూస్తే మెక్లేన్ మైదానం సగం గీత దగ్గర నుంచి, ముందుకొచ్చేసిన గోల్‌కీపర్ ష్మైకెల్ తల మీదుగా నాలుగోది వేశాడు. 4-2. ఈ ఆలస్యాన్ని హాలు లోపంగా రాయాలని మొదటి రాత్రే నిర్ణయించుకున్నవాడిని, ఆ రెండు ముప్పావు నిమిషాలను మాత్రం ఎవరైనా నా దగ్గర కొంటానన్నా అమ్మను. అయినా లోపం లోపమే. యజమాని గారు కేబుల్ కనెక్షన్ తీసుకుంటే ఆలస్యం చాలావరకు తగ్గుతుంది, స్పీకర్లు మార్చడానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

అయిదుకు మూడున్నర ఇస్తున్నాను. టీకి, యజమాని గారి మర్యాదకు, తెల్లవారుజామున మూడుంపావుకు ఆడపిల్లలు క్యాబు ఎక్కేదాకా మనిషిని తోడు నిలబెట్టినందుకు మూడు. పల్లీ చట్నీకి అర. బొమ్మ వెలుగు, స్పీకర్లు బాగుపడితే నాలుగున్నరకు తగ్గదు.

ఇక జూన్‌కు ఇది పనికొస్తుందా అన్న ప్రశ్న. 2025 డిసెంబరు 5న గుంపులను తేల్చడానికి తీసిన డ్రాలో స్కాట్లాండుకు హైతీ, మొరాకో, బ్రెజిల్ వచ్చాయి. 1998లో కూడా బ్రెజిల్, మొరాకో ఉన్న గుంపే. బ్రెజిల్‌తో 2-1 ఓటమి, అందులో ఒకటి సెల్ఫ్ గోలు, చివర మొరాకో చేతిలో 3-0. సెయింట్ ఎతియెన్‌లో ఆ 3-0ను పెయిస్లీ ఆయన స్టాండులో నిలబడి చూశారట. అంతకు మించి ఏమీ చెప్పలేదు. ఈసారి 48 జట్లు, 12 గుంపులు, మూడో స్థానంలో ఉన్నవాటిలో కూడా ఎనిమిది ముందుకెళ్తాయి. అంటే హైతీ మీద గెలుపు, అదీ పొదుపు లేకుండా, రెండుకు ఆగకుండా గెలిచే గెలుపు, ఈ జట్టు జాతకాన్ని మార్చగలదు. ఆ మ్యాచి మనకు జూన్ 14 ఆదివారం ఉదయం 6.30కు, హాలువాళ్ళు ఇడ్లీ, పెసరట్టు వేడివేడిగా ఇవ్వగలమన్నారు. మొరాకో, బ్రెజిల్ మ్యాచులు 20, 25 తేదీల్లో తెల్లవారుజామున 3.30కు. కిటికీలకు మందపాటి తెరలు లేవు కనుక ఆదివారం పొద్దుటి ఎండలో ఆ ప్రొజెక్టర్ బొమ్మ వెలిసిపోతుంది. ఈ విషయం బుక్ చేసుకునేవాళ్ళు ముందే గట్టిగా అడగాలి.

మొన్న శనివారం మేమిద్దరం వెళ్ళి మా కుర్చీలకు డబ్బు కట్టాం. యజమాని గారు పుస్తకం తీసి, గుంపు దశ దాటాక వచ్చే మ్యాచికి కూడా ఇప్పుడే అడ్వాన్సు కడితే వంద తగ్గిస్తామన్నారు. నేను పర్సు తీయబోయాను. పెయిస్లీ ఆయన నా చేయి పట్టుకుని ఆపి, మూడు మ్యాచుల డబ్బు లెక్కపెట్టి బల్ల మీద పెట్టి, రసీదు అడిగారు.